మునుపటి ఫిల్ముతో పోల్చి చూడగా

దేసమ్మ ముఖం నాకు సరిగా గుర్తుండదు.
ఛాతీ ఎముకల వెనక
పైకి లాక్కుపోయిన కుడి ఊపిరితిత్తి,
మూడో పక్కటెముక కింద ఒక బొరియ,
అవి చూపిస్తే మాత్రం
వెయ్యి మందిలోనైనా ఈమేనని పట్టేస్తాను.

తొమ్మిదేళ్ళుగా వస్తోంది.
దామలచెరువు పక్కన మామిడితోట కాపలా.
తెల్లారకముందే పాకాలలో రైలెక్కి తిరుపతిలో దిగి
గుండ్ల మీద చందనం ఆరని జనానికి
ఎదురు నడిచి ఆసుపత్రికొస్తుంది.
చేతిలో యూరియా సంచి. అందులో
ఏడాదికొకటిగా నల్ల ఫిల్ములు,
చుట్టచుట్టి పాత చీర అంచుతో కట్టినవి.

మొదట క్షయ అన్నారు. ఆర్నెల్లు మింగింది.
తీరా కఫంలో క్షయ లేదు,
దాని దాయాది ఉంది.
మట్టిలో, నీళ్ళలో ఊరికే బతికేది,
ఏ తొందరా లేనిది.
చంపడానికి కాదు, కాపురముండడానికొచ్చింది.

తొందరలేనిదాన్ని కనిపెట్టాలంటే
మనమూ నిదానించాలి.
ఒక్క ఫిల్ములో మచ్చ కనబడుతుంది, అంతే.
రెండు పక్కపక్కన వేలాడదీస్తే
మధ్యనున్న ఏడాది కనబడుతుంది.

ముప్పై ఒకటి మిల్లీమీటర్లు. మరుసటేడు ఇరవై ఎనిమిది,
గోడ కొంచెం పలచబడింది.
ఆ పై ఏడు ఫిల్మే లేదు.
"యాడ పెట్నావు మ్మా?"
"గ్రహణం నాడు పిలకాయలు ఎత్తకపోయినారు నాయనా,
దాంట్లోంచి సూర్యుణ్ణి చూసేదానికి."
తిట్టాను. కళ్ళు పోతాయని తిట్టాను,
పోల్చుకునే ఆధారం పోయిందనీ తిట్టాను.
రాత్రి డ్యూటీలో ఒక్కణ్ణే ఉన్నప్పుడు మాత్రం
తోటలో పిలకాయలు వంతులేసుకుని
దేసమ్మ ఊపిరితిత్తిలో
కొరికిన సూర్యుణ్ణి చూసుకోవడం
తలపుకొస్తుంటుంది.
ఆ ఏడాది కొలత ఇప్పటికీ ఖాళీ.

పోయిన జనవరిలో సీటీ తీశాం.
కింది తమ్మెలో కొత్తగా సన్నసన్న గింజలు,
పాయలు పాయలుగా చీలి, కొనకొనకీ ఒక బుడిపె.
డాక్టర్ నళినాక్షి గారు తెర మీద వేలు పెట్టి
"దీన్ని మేం చిగురేసిన కొమ్మ అంటాం" అన్నారు,
భయపెట్టకుండా చెప్పాలని కాబోలు.

దేసమ్మ చానాసేపు చూసింది.
"ఇప్పుడు పూత రావాల్సిన నెల గదమ్మా.
ఈ నెల్లో చిగురొస్తే
ఆ యేడు కాపుండదు" అంది.
డాక్టరమ్మ వేలు తీసేసింది తెర మీంచి.

మందులు మార్చారు.
చెవుల్లో హోరంది, నోరంతా ఇనుము రుచంది,
మానేస్తానంది,
మానలేదు.

నిన్న మళ్ళీ వచ్చింది.
"గట్టిగా పీల్చు. ఆపు."
యంత్రం తిరిగింది. అడ్డంగా కోసిన పొరలు
ఒకటొకటే తెర మీదికి.
ఎడమపక్క పోయినేడు, కుడిపక్క ఇప్పుడు.
కొన్ని గింజలు లేవు. కొన్ని అక్కడే.
బొరియ ఇరవై ఆరు.
ఇరవై ఆరేనా?
గీత ఎక్కడ మొదలుపెట్టానన్నదాన్ని బట్టి
ఒక మిల్లీమీటరు అటూ ఇటూ.
బియ్యపుగింజ మందం కూడా లేని ఆ సందులోనే
ఈమెకి నయమైందో లేదో ఉంటుంది.

రిపోర్టులో ఏమొస్తుందో నాకు తెలుసు:
మునుపటి ఫిల్ముతో పోల్చి చూడగా
చెప్పుకోదగ్గ మార్పు లేదు.
ఏడాది పొడుగునా మందు, రైలు, దగ్గు,
తోటలో టార్చిలైటు పట్టుకుని తిరిగిన రాత్రులు
అన్నీ ఆ ఒక్క వాక్యంలో సర్దుకోవాలి.
అది మంచి వార్తే. ఎన్నిసార్లు చెప్పినా
మంచి వార్తలా వినబడదు.

అద్దం అవతల ఏదో కదిలినట్టయి
తలెత్తాను.
బల్ల మీద దేసమ్మ బిగుసుకుపోయి ఉంది,
కళ్ళు గట్టిగా మూసి, మెడనరాలు తేలి.
"వదులు! వదిలెయ్ మ్మా!" మైకులో అరిచాను.

దగ్గు తెర ఒకటి వచ్చి, పోయి,
కొంగుతో మూతి తుడుచుకుని అంది:
"నువ్వు చెప్పలా గదా నాయనా.
ఇంకా ఉండాదేమో అనుకున్న్యా."